రెండో దారి

మీటరు నాలుగు వేల వంద చూపించింది.

అతుకులు దాన్ని ఆపాడు. కేబుల్ కొసని గుడ్డతో తుడిచి, మళ్ళీ తగిలించి, మళ్ళీ నొక్కాడు. నాలుగు వేల వంద. మూడోసారీ అదే.

చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏసీ గదిలో.

అతన్ని అందరూ అతుకులు అనే పిలుస్తారు. తెగిపోయిన ఫైబర్ కేబుల్లో వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగుల్ని ఒకదానికొకటి అతికించడం అతని పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని కావడంతో సొంత అక్క కూడా అసలు పేరు మర్చిపోయింది. చేతిలో మీటరు ఆ పనికి సంబంధించినదే. కేబుల్ ఒక కొసన వెలుగు పంపిస్తే, గాజు ఎన్ని మీటర్ల దూరాన ముగిసిందో చెప్తుంది. మనిషి అబద్ధం ఆడొచ్చు గానీ గాజు ఆడదు.

అతను నిలబడి ఉన్నది అంబులెన్సు కంట్రోల్ రూమ్ వెనక గదిలో. చుట్టుపక్కల నూట ఇరవై ఊళ్ళలో ఎవరికి గుండె పట్టుకున్నా, ఎవరికి పురుటినొప్పులు వచ్చినా ఫోను మోగేది ఇక్కడే. అందుకే ఇక్కడొక రూలు ఉంది. రెండు లైన్లు ఉండాలి, రెండు వేర్వేరు కంపెనీలవి, రెండు వేర్వేరు దారుల్లో రావాలి. ఒక దారిలో జేసీబీ కేబుల్ని కొరికేసినా రెండోది బతికుంటుంది. మొదటి లైను పెద్ద కంపెనీది, హైవే వెంట వస్తుంది. రెండోది అతుకులు పనిచేసే అతని బావ కంపెనీది, కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వస్తుంది.

కాలవ గట్టు దారి ఏడు వేల మూడు వందల మీటర్లు. ఆ కేబుల్ వేసింది అతుకులే. ఏ మలుపులో ఎంత మిగులు చుట్ట పెట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

హైవే దారి పొడవు నాలుగు వేల వంద.

"బావా, ఎంత పని చేశావు," అన్నాడు గోడతో.

బావ ఆఫీసు టైర్ల షాపు మీద మేడ గది. ఒకప్పుడు అందులో పాతికమంది ఉండేవాళ్ళు. పెద్ద కంపెనీ ఊళ్ళోకి వచ్చి, ఆరు నెలలు నెట్టు ఊరికే ఇస్తామంటే జనం క్యూ కట్టారు. ఇంకో మూడు చిన్న కంపెనీలు ఏడాదిలో చాప చుట్టేశాయి. ఆ తర్వాత పెద్ద కంపెనీ రేటు మూడింతలు చేసింది, అది వేరే సంగతి. బావకి మిగిలింది ఏడుగురు మనుషులు, కంట్రోల్ రూమ్ ఒప్పందం. గురువారం తనిఖీ. అందులో నెగ్గితే ఇంకో మూడేళ్ళు. లేకపోతే ఈ మేడ గదికి కూడా తాళమే.

"నిన్నెవడు కొలవమన్నాడురా?" బావ కుర్చీలోంచి లేవలేదు. "పోయినసారి అంకె వేసెయ్యమని చెప్పానా లేదా?"

"కొలవకుండా అంకె ఎప్పుడు వేశాను బావా?"

"అదే నీ రోగం."

"కాలవ గట్టు కేబుల్ ఏమైంది?"

బావ కిటికీ వైపు చూశాడు. "నీకు జ్వరం వచ్చిన వారం ఐదుచోట్ల తెంపారు. పైపులు వేస్తున్నామని పెద్ద కంపెనీ కూలీలే తవ్వుతారు. పైపూ ఉండదు, పాడూ ఉండదు. మనం మళ్ళీ తవ్వి అతికించుకుందామంటే గట్టు మీద అనుమతి ఇవ్వరు. ఫైలు ఎవడి బల్ల మీద పడుకుందో ఎవడికీ తెలీదు. లైను చచ్చిపడి ఉంటే నేనేం చెయ్యను, కంట్రోల్ రూముకి వెళ్ళి శంఖం ఊదనా?"

"అందుకని?"

"పెద్ద కంపెనీ కేబుల్లో రెండు పోగులు అద్దెకి తీసుకున్నాను. వాళ్ళ మనిషే వచ్చి కలిపి వెళ్ళాడు."

అతుకులుకి నవ్వొచ్చింది. చేదు మందు మింగినవాడి నవ్వు. "అంటే రెండు లైన్లూ ఒకే కేబుల్లో ఉన్నాయి. హైవే మీద ఒక్క గునపం దిగితే రెండూ పోతాయి."

"అపశకునం మాటలాడకు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది! మూడే నెలలు. సంతకం అయితే వచ్చే డబ్బుతో లాయర్ని పెట్టి అనుమతి తెస్తాను, కాలవ కేబుల్ బాగుచేస్తాం, మళ్ళీ మన దారిలోకి మనం వెళ్ళిపోతాం. ఎవరికీ తెలీదు."

"ఐదుచోట్ల తెంపినవాడు అడగ్గానే అద్దెకెందుకిచ్చాడు బావా? పిల్లి ఎలకకి పాలు పోస్తుంటే గిన్నెలోకి చూసుకోవద్దా?"

"చచ్చేవాడికి గిన్నె రంగుతో పనేంట్రా?" బావ గొంతు తగ్గింది. "రిపోర్టులో పొడవు రాసి సంతకం పెట్టాల్సింది నువ్వు. నీ సంతకమంటే కంట్రోల్ రూమ్ మేడమ్‌కి గురి. ఒక్క అంకె. ఏడుగురి పొయ్యి."

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఒరేయ్, మీ బావ రెండ్రోజుల నుంచి అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. ఆయన నీ దగ్గర నోరు తెరిచి అడిగారంటే ఎంత దిగజారితే అడిగుంటారో ఆలోచించు," అంది. ఫోను పెట్టేసే ముందు, "నేను అడగట్లేదు," అంది.

అక్క అడగనప్పుడే అతుకులుకి భయం.

గురువారం ఉదయం పదకొండుకి తనిఖీ మొదలైంది. సూపర్వైజరు మేడమ్ యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తలమీద పెట్టుకుని, దానికోసమే బల్లంతా వెతుకుతుంది. పెద్ద కంపెనీ మేనేజరు కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వు.

"కానివ్వండి," అంది మేడమ్.

తనిఖీ ఎప్పుడూ ఒకటే తీరు. మొదటి లైను తీగని గదిలో పీకేస్తారు. రెండోది ఆదుకుంటే పాస్. పీకారు. అద్దం అవతల హాల్లో ఒక్క ఫోనూ ఆగలేదు. తీగ ఇక్కడ పీకితే రెండోది బతుకుతుంది. అదే కేబుల్ రోడ్డు మీద తెగితే? ఆ పరీక్ష ఎవరూ చెయ్యరు. దానికోసమే రిపోర్టులో పొడవు గడి పెట్టారు. ఆ గడి నింపేది అతుకులు.

కలం పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. తలుపు దగ్గర బావ. పదేళ్ళ వయసులో తనకి సైకిలు నేర్పిన మనిషి. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా, లెక్క మర్చిపోయావా?" మేడమ్ నవ్వింది. "నువ్వు సంతకం పెట్టేశాక నేను చదవను కూడా చదవను, తెలుసా?"

7300 అని రాశాడు. సంతకం పెట్టాడు.

మేనేజరు ముందుకొచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. "అభినందనలు సార్. పోటీ ఉండాలి. పోటీ ఉంటేనే మాకూ ఉత్సాహం." అలా అంటూనే ఫోను తీసి రిపోర్టుని ఫోటో తీసుకున్నాడు. మొదటి లైను వాళ్ళది కాబట్టి తీసుకునే హక్కు ఉంది. ఎవరూ పట్టించుకోలేదు, అతుకులు తప్ప.

తొమ్మిదో రోజున మేనేజరు టైర్ల షాపు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి అతుకులు సంతకం చేసిన రిపోర్టు. రెండోది వాళ్ళ మీటరు తీసిన కొలత. నాలుగు వేల వంద.

"అద్దెకిచ్చింది మీరే కదయ్యా!" బావ అరిచాడు.

"పోగులు ఇచ్చాం సార్. వాటిలో మీరేం పంపించుకుంటారో మాకెలా తెలుస్తుంది? అంబులెన్సు లైను అని తెలిస్తే ఇచ్చేవాళ్ళమా?" మేనేజరు గొంతులో నిజమైన బాధలాంటిది పలికింది. "ఇది బయటపడితే మీకు జరిమానా. ఈయనకి జైలు. అంబులెన్సులతో ఆటలాడితే జడ్జీలు జాలిపడరు. అదంతా ఎందుకు? కంపెనీ మాకు రాసిచ్చెయ్యండి."

"రాసిచ్చి?"

"ఏమీ మారదు. బోర్డు మీ పేరునే ఉంటుంది. కుర్చీ మీదే. రెండు కంపెనీలు ఉండాలని రూలు కదా? ఉంటాయి."

అప్పుడు అర్థమైంది అతుకులుకి. వీళ్ళకి కావలసింది బావ చావడం కాదు. బావ చస్తే వేరెవడో రెండోవాడుగా వస్తాడు. బతికున్నట్టు కనబడే శవం కావాలి.

బావ మధ్యాహ్నానికల్లా రాసిచ్చాడు. జైలు అన్న మాట వినగానే అతని చెయ్యి బామ్మర్ది భుజం మీద పడింది, కాగితాలు అయ్యేదాకా తియ్యలేదు.

కొత్త యజమానుల మొదటి ఆర్డరు సోమవారం వచ్చింది. కాలవ గట్టు కేబుల్ పనికిరాదు కనక మొత్తం లాగేసి తుక్కుకి పంపాలి. మూడు రోజుల్లో. పని చేయించాల్సింది అతుకులు.

ఐదుచోట్ల తెగినా కేబుల్ ఇంకా బతికించదగ్గదే. ఐదు అతుకులు, రెండు రోజుల పని. లాగేస్తే మాత్రం రెండో దారన్నదే ఇక ఉండదు. అతను ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిన్నగా కంట్రోల్ రూముకి నడిచాడు.

మేడమ్ అంతా విన్నది. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. విన్నాక తలుపు మూసి వచ్చింది.

"రాసివ్వు."

రాసిచ్చాడు. పొడవు, తేదీ, ఎవరు కలిపారు, ఎవరు అబద్ధం రాశారు. కింద పూర్తి సంతకం. తర్వాత జరిగేది తెలిసే పెట్టాడు.

ఆమె కాగితం ముందు పెట్టుకుని పైఅధికారికి ఫోన్ చేసింది. చెప్తుంటే అవతలి గొంతు అతుకులుకి కూడా వినిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు రెండు లైన్లూ పనిచేస్తున్నాయా?"

"పనిచేస్తున్నాయి సార్, కానీ..."

"కాగితం మీద రెండు కంపెనీలేనా?"

"కాగితం మీద."

"రద్దు చేస్తే రెండో లైను ఎవరిస్తారు?"

ఆమె అతుకులు వైపు చూసింది. అతను వేళ్ళు మడిచాడు. ఒకటి మూసేశారు. ఒకటి అమ్మేశారు. ఒకటి కలిపేశారు. బావది ఇప్పుడు వాళ్ళదే. చెయ్యి పిడికిలైపోయింది. తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ లేరు సార్."

"మరి నన్నేం చెయ్యమంటారు? అబద్ధం రాసినవాడి మీద చర్య తీసుకోండి. కేబుల్ వాళ్ళది, లాక్కుంటే మనం ఆపలేం."

ఆమె ఫోను పెట్టేసింది. తలమీది కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా బల్ల మీద పడేసింది.

"తనిఖీ రోజు ఎందుకు చెప్పలేదయ్యా?"

"కంపెనీ పోతుందని మేడమ్. ఒప్పందం రద్దు చేసేస్తారని."

"రద్దా?" ఆమె నవ్వబోయి మానేసింది. "నాకు రెండో దారి కావాలి. అది ఉన్నది మీ ఒక్కరికే. నేనెందుకు రద్దు చేస్తాను? గట్టు అనుమతి ఆగిపోయిందని ఒక్క మాట చెప్తే, అంబులెన్సు లైనని ఆ సాయంత్రానికే నేను ఇప్పించేదాన్ని. అడ్డం పడే ధైర్యం ఎవడికుంది? ఆ రోజు మీ బావ ఇంకా యజమాని. కేబుల్ ఇంకా ఆయనది."

అతుకులు జేబులోని ఆర్డరు తీసి, ఇంకో మడత మడిచాడు.

"ఇంత పని తెలిసినవాడివి. అడగాలని తట్టలేదా?"

తట్టలేదు. బావకీ తట్టలేదు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని తిని, గవర్నమెంటు మనిషంటే లాక్కునేవాడే గానీ ఇచ్చేవాడు కాడని ఇద్దరికీ ఖాయమైపోయింది.

"వెళ్ళు. పోలీసులు పిలిస్తే రా." ఆమె అతని కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

బయటికి దారి ఫోన్ల హాల్లోంచే. పన్నెండు బల్లలు, పన్నెండుమంది ఆడపిల్లలు, చెవులకి హెడ్‌ఫోన్లు. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి ముందుకి వంగి, పసిబిడ్డని బుజ్జగిస్తున్నట్టు మాట్లాడుతోంది.

"లేదమ్మా, పెట్టెయ్యకండి. బండి బయల్దేరింది. ఆయన తల పక్కకి తిప్పండి. ఆ... అలాగే. లైన్లోనే ఉండండి. లైను కట్ అవదు, నాదీ పూచీ."

అతుకులు ఆ బల్ల దాటడానికి చాలాసేపు పట్టింది.