పదకొండో సెకను

తాను సంతకం పెట్టిన ఒక కాగితం ఎల్లుండి ఒక మనిషిని జైలుకి పంపబోతోందని వసంతకుమారికి బుధవారం పొద్దున్న పదిన్నరకి తెలిసింది.

ఆ సంగతి చెప్పింది ఆ మనిషే.

"మిస్ కుమారి మీరేనా?" రిసెప్షన్‌లో కుర్చీ అంచున కూర్చున్నవాడు టోపీ చేత్తో పట్టుకుని లేచాడు. అరవైకి దగ్గర పడుతున్న నల్లజాతి మనిషి. ఎడమ మణికట్టుకి కట్టు. "నా పేరు ఎర్ల్ విట్‌కాంబ్. కౌంటీ వ్యాన్ డ్రైవర్ని. మీరు టెస్ట్ చేసిన వ్యాన్ నాదే."

వసంతకుమారి అతన్ని కూర్చోమని, ఎదురు కుర్చీ లాక్కుంది.

1984 అక్టోబరు అది. న్యూజెర్సీలో, పిస్కాటవే ఊరి చివర ఉన్న ఆ లాబ్‌కి పని ఒక్కటే. కార్లలోనూ బస్సుల్లోనూ కొత్తగా వచ్చి పడుతున్న ఎలక్ట్రానిక్ పెట్టెలు రేడియో తరంగాల దెబ్బకి తట్టుకుంటాయో లేదో చూడటం. పోలీసు కారు పక్కనుంచి రేడియోలో మాట్లాడుకుంటూ పోతే మీ ఇంజను ఆగిపోకూడదు. టీవీ టవర్ పక్కనుంచి వెళ్తే మీ బ్రేకులు వాటంతటవే పడిపోకూడదు.

ఎర్ల్ వ్యాన్ కథ ఆమెకి ఫైల్లో చదివిన మేరకు తెలుసు. రూట్ 287 మీద యాభై అయిదు మైళ్ళ వేగం. క్రూయిజ్ కంట్రోల్ వేసి ఉంది. అంటే పెడల్ మీద కాలు అక్కర్లేదు, వేగాన్ని ఆ పెట్టే పట్టుకుంటుంది. ఉన్నట్టుండి వ్యాన్ ముందుకి దూకింది. ఎదుట లారీ. తప్పించబోయి ఎర్ల్ రోడ్డు పక్క ఇనపకంచెకి కొట్టాడు. డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళ్తున్న మిసెస్ నోవాక్ అనే ముసలావిడకి తుంటి ఎముక విరిగింది. బండి దానంతటదే పరిగెత్తిందని ఎర్ల్ అన్నాడు. బ్రేకనుకుని గ్యాస్ పెడల్, అంటే యాక్సిలరేటర్, తొక్కావన్నారు పోలీసులు. తేల్చమని వ్యాన్‌ని లాబ్‌కి పంపారు. వసంతకుమారి తేల్చింది. 'లోపమేమీ కనిపించలేదు.'

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదు మిస్. మా లాయర్ అసలు వెళ్ళొద్దనే అన్నాడు," అన్నాడు ఎర్ల్. "శుక్రవారం కోర్టు. లైసెన్సు ఎలాగూ పోతుంది. రెండు నెలలు లోపల వేసినా వేస్తారట. అదీ కాదు నా బాధ. ముప్పై రెండేళ్ళు బండి నడిపాను. ఇప్పుడు నా కాలిని నేనే నమ్మలేకపోతున్నాను. మీరు పరీక్ష ఎలా చేశారో చెప్పండి. నా కాలే తొక్కిందని నాకు నమ్మకం కలిగితే ఒప్పేసుకుంటాను. వెళ్ళి ఆ ముసలావిడ ఎదుట నిలబడి క్షమించమంటాను."

ఆమె చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక గొంతులో కాస్త గర్వం కూడా వచ్చింది. "మీరు వ్యాన్‌లో మాట్లాడే రేడియో కన్నా ఎన్నో రెట్లు బలమైన సిగ్నల్ ఇచ్చాం. నాలుగు వందల ఫ్రీక్వెన్సీలు. ఒక్కటి కూడా వదల్లేదు. అంతా కంప్యూటరే చేస్తుంది, ప్రోగ్రామ్ నేనే రాశాను. రెండు రోజుల పని ఒక్క పూటలో అయిపోతుంది."

ఎర్ల్ తల వంచుకున్నాడు. "అయితే నా కాలే," అన్నాడు మెల్లగా.

"ఒక్క నిమిషం సార్."

ఆ మాట అన్నది కాఫీ కప్పుతో అటు వెళ్తూ ఆగిన దైవాశీర్వాదం. లాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. నరసాపురం మనిషి, ఇండియన్ నేవీలో ఓడల మీద ఇరవై ఏళ్ళు రేడియోలు బాగుచేసి వచ్చినవాడు. ఆదివారాలు చర్చి బేస్‌మెంట్‌లో జరిగే తెలుగు ఆరాధనలో వసంతకుమారి కుటుంబానికి ముందు వరస కుర్చీలు ఉంచేదీ ఆయనే. ఆమె ఆయన్ని బాబాయిగారూ అంటుంది.

"బండి దూకినప్పుడు మీరు రేడియోలో మాట్లాడుతున్నారా?"

"అవును."

"ఏం మాట్లాడారో అలాగే మాట్లాడండి. అంతే నిదానంగా." దైవాశీర్వాదం కప్పు పక్కనపెట్టి చేతిగడియారం చూసుకున్నాడు.

ఎర్ల్ లేని మైకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "బేస్, వ్యాన్ ఆరు మాట్లాడుతున్నా. మిసెస్ నోవాక్‌ని ఎక్కించుకున్నా. పాపం కళ్ళజోడు ఆస్పత్రిలో మర్చిపోయిందట. డెస్క్‌కి ఫోన్ చేసి తీసి ఉంచమను, వచ్చే ట్రిప్పులో నేను తెస్తా. వాళ్ళమ్మాయికి పది నిమిషాలు లేటని చెప్పు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి..." ఆగాడు. "ఇక్కడే. ఇక్కడే దూకింది."

"పద్నాలుగు సెకన్లు," అన్నాడు దైవాశీర్వాదం. వసంతకుమారి వైపు తిరిగి తెలుగులోకి మారాడు. "నీ ప్రోగ్రామ్ ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంతసేపు నిలబడుద్దమ్మా?"

"ఒక సెకను."

అన్నాక ఆమెకి ఆయన పాత పద్ధతి గుర్తొచ్చింది.

కంప్యూటర్ రాకముందు ఈ పరీక్షలన్నీ ఆయన చేత్తోనే జరిగేవి. ఫ్రీక్వెన్సీ తిప్పడం, ఆగడం, మీటర్లు చూడటం. ఆగిన ప్రతిచోటా ఆయన పెదాలు కదిలేవి. పరలోక ప్రార్థన ఒక్కసారి మొత్తం చెప్పుకుని, ఆమెన్ అన్నాకే తర్వాతి ఫ్రీక్వెన్సీకి వెళ్ళేవాడు. ఆ పద్ధతి చూసి లాబంతా నవ్వేది. వసంతకుమారి కూడా నవ్వింది. ముసలాయన భక్తి అనుకుంది. అందుకే ప్రోగ్రామ్ రాసినప్పుడు ఎంతసేపు ఆగాలని ఆయన్ని అడగనే లేదు. సెకను చాలనుకుంది.

"ప్రార్థన అందుకా బాబాయిగారూ? టైమ్ కోసమా?"

"రెండూను. వాచీ చూస్తే మీటర్ మీంచి కన్ను పోద్ది కదా. ఓడలో మా ఆఫీసర్ చెప్పేవాడు, పెట్టెకి కూడా కోపం ఎక్కడానికి టైమ్ పట్టుద్ది, తొందరపెట్టకురా అని." ఆయన గోడ గడియారం చూశాడు. "వ్యాన్ ఇంకా మన షెడ్‌లోనే ఉంది. దాన్ని లాక్కెళ్ళే టో ట్రక్ ఎన్నింటికి?"

"రెండింటికి."

"అయితే ఇక్కడెందుకు నిలబడ్డాం?"

లాబ్ మేనేజర్ ఫ్రాంక్ డిలోరెంజో డోనట్ సగం కొరికి ఆపాడు. "వీ, రిపోర్టు వెళ్ళిపోయింది." వసంత అనడానికి నోరు తిరగక అందరూ ఆమెని వీ అనే పిలుస్తారు. "ప్రాసిక్యూటర్ చేతిలో ఉంది. అందులో ఏముంది?"

"తప్పుంది ఫ్రాంక్."

"ఎవరి తప్పు?"

"నాదే."

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. ఆమె గ్రీన్ కార్డ్ కాగితాల మీద ఈ లాబ్ తరఫున సంతకం పెట్టింది అతనే. ఆ ఫైల్ ఇంకా ఇమిగ్రేషన్ ఆఫీసులో నలుగుతోందని ఇద్దరికీ తెలుసు.

"రెండింటికి ఆ బండి నా గేటు దాటిపోతుంది," అన్నాడు చివరికి. "అప్పటిదాకా ఛాంబర్ ఖాళీయే. నేను లంచ్‌కి వెళ్తున్నాను. నేనేమీ చూడలేదు."

పన్నెండుంబావుకి వ్యాన్‌ని ఛాంబర్‌లోకి తోశారు. బయటి రేడియో లోపలికీ లోపలిది బయటికీ పోకుండా కట్టిన, కిటికీలు లేని ఇనపగది అది. గోడలకీ కప్పుకీ నల్లటి స్పాంజి శంకువులు, తరంగాలు కొట్టుకుని వెనక్కి రాకుండా. వెనక చక్రాలు రోలర్ల మీద కూర్చున్నాయి. బండి కదలకుండానే యాభై అయిదు మైళ్ళు పరిగెత్తగలదు. దైవాశీర్వాదం పట్టీలు బిగించి, ఒక్కొక్కటీ చేత్తో లాగి చూసి, ఇంజను స్టార్ట్ చేసి, వేగం అందాక క్రూయిజ్ వేసి బయటికి వచ్చాడు. తలుపు మూసుకుంది. లోపలి స్పీడోమీటర్ బయట బల్ల మీద టీవీ తెరలో కనిపిస్తోంది, వీడియో టేపు మీదికి ఎక్కుతోంది.

"అన్ని ఫ్రీక్వెన్సీలకీ టైమ్ లేదు," అంది వసంతకుమారి. "ఎర్ల్ రేడియోది ఒక్కటే పెడదాం. బలం కూడా అతని రేడియోకి సరిపడా, అంతే."

"అంతే. పెంచకు. ఆయనకి జరిగిందే మనకి కావాలి."

ఎర్ల్‌ని వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. అతను టోపీని రెండు చేతులతో నలిపేస్తున్నాడు.

ఆమె కంప్యూటర్ ఆపేసింది. స్విచ్ మీద వేలు పెట్టి నొక్కింది.

ఒకటి. రెండు. మూడు. ముల్లు యాభై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది.

నాలుగు. అయిదు. ఆరు.

ఏమీ లేదు.

పక్కన దైవాశీర్వాదం పెదాలు కదులుతున్నాయి. ఆయన కళ్ళు తెర మీంచి కదలడం లేదు.

ఏడు. ఎనిమిది. ఇంకేముంది, తన రిపోర్టు నిజమే, ఆ వెనక కూర్చున్నవాడి కాలే... వేలు స్విచ్ మీంచి లేవబోయింది.

"ఉండమ్మా," అన్నాడాయన ప్రార్థన మధ్యలో, తల తిప్పకుండానే.

తొమ్మిది. పది.

పదకొండో సెకనులో ముల్లు వణికింది.

మరుక్షణం ఛాంబర్ గోడల్లోంచి ఇంజను అరుపు వినబడింది. ముల్లు అరవై దాటింది, అరవై అయిదు, డెబ్బై. నేల అదిరింది. బల్ల మీద కాఫీ కప్పు అంచుకి జరిగింది.

"ఆపు!"

ఆమె వేలు తీసేసింది. అరుపు తగ్గి, ముల్లు బుద్ధిమంతుడిలా దిగి మళ్ళీ యాభై అయిదు దగ్గర నిలబడింది. ఏమీ ఎరగనట్టు.

ఎర్ల్ లేచి నిలబడ్డాడు. కుడి చేతిని పైకెత్తి చూసుకున్నాడు. పిడికిలి గట్టిగా బిగిసి ఉంది.

ఆ పిడికిలి చూడగానే వసంతకుమారికి మిగతాది అర్థమైంది. "మిస్టర్ విట్‌కాంబ్, బండి దూకగానే మైకు పడేశారా?"

"లేదు. భయంతో పట్టుకున్నాను. ఇలా."

"మాట్లాడటానికి నొక్కే బటన్ మీద బొటనవేలు ఉండగానే."

బిగిసిన వేలు రేడియోని ఆపనివ్వలేదు. రేడియో ఆ పెట్టెని వదల్లేదు. అతను ఎంత భయపడితే బండి అంత పరిగెత్తింది. చివరికి బ్రేక్ మీద కాలు పడేసరికి కంచె ఎదురుగా ఉంది.

మళ్ళీ రెండుసార్లు చేశారు. ఒకసారి పదో సెకను, ఒకసారి పదకొండు. తర్వాత క్రూయిజ్ పెట్టె తీగ పీకేసి, ఇంజను వేగాన్ని బయటినుంచి నిలిపి చేశారు. నిమిషంపాటు నొక్కినా ముల్లు కదల్లేదు. దైవాశీర్వాదం పెట్టె మూత విప్పి, సర్క్యూట్‌లో ఒక లావుపాటి కెపాసిటర్‌ని పెన్నుతో చూపించాడు.

"ఇది బిందె అనుకో. రేడియో సన్నటి ధారలా కారి దీన్ని నింపుద్ది. బయట ఎంత నీరున్నా ధార అంతే, అందుకే నువ్వు బలం పెంచినా తొందరగా నిండలేదు. నిండాకే పెట్టెకి బండి ఆగిపోతోందన్న భ్రమ కలిగి గ్యాస్ తెరుద్ది. నీ కంప్యూటర్ సెకను నింపి ఆపేసింది. మళ్ళీ ఇంకోటి మొదలెట్టేలోగా బిందె కారిపోయింది."

మూడు నెలలు కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌కన్నా ఆయన పెన్ను మొన దగ్గరే ఎక్కువ ఉందనిపించింది ఆమెకి. సిగ్గు వేసింది. ఆ సిగ్గులోనే ఒక సంతోషం కూడా ఉంది, ఇలాంటి మనిషి పక్కన పనిచేస్తున్నానని.

"నేను నవ్వాను బాబాయిగారూ. మీ ప్రార్థన చూసి."

"నవ్వితే నవ్వావులే. కంప్యూటర్‌కి పరలోక ప్రార్థన ఎలా నేర్పాలో నాకూ తెలీదు. ఇరవై అయిదు సెకన్లని రాసెయ్, సరిపోద్ది."

రెండింటికి టో ట్రక్ హారన్ కొట్టింది.

ఫ్రాంక్ తిరిగొచ్చి వీడియో టేపులన్నీ చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "కొత్త రిపోర్టు రాయి. 'అదనపు పరీక్షలో' అని మొదలుపెట్టు. మొదటిది తప్పని రాయక్కర్లేదు. అదనం అంటే చాలు, ఎవరూ అడగరు."

"మొదటిది అలాగే ఉంటే ప్రాసిక్యూటర్ దాన్నే చదువుతాడు. రెండు రిపోర్టులున్నాయి, ఏది నిజమో జడ్జికి తెలీదు."

"నీ పేరు పోతుంది వీ."

"ఆయన అన్నీ పోగొట్టుకోబోతున్నాడు ఫ్రాంక్."

ఆమె రెండే వాక్యాలు ముందు రాసింది. 'సోమవారం నాటి రిపోర్టు తప్పు. లోపం పరీక్ష ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరుది, అంటే నాది.' తర్వాత మిగతా తొమ్మిది పేజీలు.

శుక్రవారం కోర్టులో ప్రాసిక్యూటర్ ఆ మొదటి పేజీని రెండుసార్లు చదివాడు. వసంతకుమారిని నిలబెట్టి అడిగాడు. "అంటే మీ లాబ్ పరీక్షల్ని మేం నమ్మకూడదా?"

"ఆ పరీక్షని నమ్మకూడదు సార్. అందుకే వచ్చాను."

జడ్జిగారు టేపు చూపించమన్నారు. గదిలో ఇరవై మంది ఆ చిన్న తెర వైపు వంగారు. పది సెకన్లు ఏమీ జరగలేదు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఇంజను అరిచింది. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉన్న మిసెస్ నోవాక్ కూతురి చేయి గట్టిగా పట్టుకుంది.

కేసు కొట్టేశారు.

ఎర్ల్ ముందుగా వెళ్ళింది లాయర్ దగ్గరికి కాదు, ఆ చక్రాల కుర్చీ దగ్గరికి. "నా కాలు కాదమ్మా," అన్నాడు. ముసలావిడ అతని టోపీ తీసుకుని, నలిగిన అంచుని వేళ్ళతో సరిచేస్తూ కూర్చుంది.

పార్కింగ్ లాట్‌లో ఫ్రాంక్ కారుకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. పక్కన దైవాశీర్వాదం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వసంతకుమారి వాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఆ సెకను ప్రోగ్రామ్‌తో ఇంకెన్ని పాస్ చేశావు?" అడిగాడు ఫ్రాంక్.

ఆమె నిన్న సాయంత్రమే లెక్క తీసింది. "ముప్పై ఒకటి."

ఫ్రాంక్ కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఒక్కమంది కస్టమర్లకి తాను చేయబోయే ఫోన్లు అతని మొహంలో వరసగా కనిపించాయి. సిగరెట్ నేలకేసి నలిపాడు.

"సరే. మొదట ఏది?"

"స్కూల్ బస్ బ్రేకులు," అంది వసంతకుమారి.

దైవాశీర్వాదం అప్పటికే కారు తలుపు తీసి పట్టుకున్నాడు.