గచ్చు కింద రెల్లు

పొలాల్లో చవుడు కడగడానికి కాలువ వదిలారో లేదో, ఆ ఇంటి గోడలు తడవడం మొదలైంది. ఎడారి అంచున ఉన్న ఖీవా పట్నం చుట్టుపక్కల పల్లెల్లో మట్టిగోడకి చెమ్మ ఎక్కడం కొత్తేమీ కాదు. అడుగున జానెడు తడిసి, ఎండలు ముదిరాక ఆరిపోతుంది. ఈ ఏడు మాత్రం నడుము ఎత్తుకి ఎక్కింది. పైఅంచున తెల్లగా ఉప్పు పొంగి, వేలు పెడితే పెచ్చులు రాలుతున్నాయి. ఆ గోడ పక్కనే ఇంటి కోడలు హుర్లికో కొడుకు ఉయ్యాల. పసివాడికి పిల్లికూతల దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి పెదాలు నీలం తిరుగుతున్నాయి.

అత్త అనాజాన్‌కి కారణం వెతుక్కునే శ్రమ లేకపోయింది, కోడలు ఎదురుగానే ఉంది కదా. గదిలో తడిగుడ్డలు ఆరేస్తుందనీ, పొద్దస్తమానం టీ నీళ్లు మరగబెడుతుందనీ ఇరుగుపొరుగుకి వినబడేలా సాధించేది. ఇల్లు పొడిగా ఉంచడం చేతకాకపోతే పుట్టింటికి పోయి నేర్చుకు రమ్మంది ఒకరోజు. ఆ ఊళ్లో పిల్లాడితో పుట్టింటికి పోయిన కోడల్ని వెళ్లగొట్టారనే అనుకుంటారు. ఇక లారీ తోలే మొగుడు ఇంటికొచ్చినప్పుడల్లా తల్లి మాట విని, తిని పడుకునే రకం. అతని మీద ఆశ పెట్టుకోవడం దండగ.

హుర్లికో గుడ్డలు బయట ఆరేసింది. టీ పొయ్యి వసారాలోకి మార్చింది. చెమ్మ అంచున బొగ్గుతో గీత గీసి కనిపెట్టుకుని ఉంది. చుక్క వాన పడలేదు, గదిలో బొట్టు నీళ్లు ఒలకలేదు. అయినా చెమ్మ గీత దాటింది. అంటే నీళ్లు నేలలోంచే ఎక్కుతున్నాయి. ఆమె పుట్టింట్లో పునాదికీ గోడకీ మధ్య రెల్లు పరిచి ఉంటుంది, చెమ్మ పైకి రాకుండా. చిన్నప్పుడు ఆ పుల్లలు లాగినందుకు తండ్రి చేత తిట్లు కూడా తింది. ఇక్కడ ఎంత వెతికినా రెల్లు జాడ లేదు.

ఈ ఇల్లు మామ మత్యాకుబ్ తన చేతులతో కట్టుకున్నది. తప్పెంచితే ఊరుకునే మనిషి కాదు. కానీ లోపల పిల్లాడు దగ్గుతున్నాడు.

"మామయ్యా, ఈ గోడ కింద రెల్లు వెయ్యడం మర్చిపోయారా?"

ముసలాయన ముఖం కందగడ్డయింది. "నేనా? రెల్లు లేకుండా కుక్కకి కూడా గూడు కట్టను. పలుగు పట్రా, నీ కళ్లతోనే చూద్దువుగాని."

నిరుడు కూతురి పెళ్లికి చుట్టాల కాళ్లకి బురద అంటకూడదని ఆయన ముంగిట మట్టి పోయించి ఎత్తు చేశాడు. గోడని ఆనించి సిమెంటు గచ్చు చేయించి, గోడ అడుగుకీ అదే పూయించాడు. వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసిపోయాడు కూడా. ఇప్పుడు పంతానికి ఆ గచ్చునే పగలగొట్టి తవ్వాడు. మోకాలి లోతున రెల్లు బయటపడింది, నల్లగా నానిపోయి. పిడికిట పట్టుకుంటే ముద్దయింది. తాను పోయించిన మట్టి రెల్లుని కప్పేసింది. నీళ్లు ఆ మట్టి వెంట రెల్లుని దాటి గోడలోకి ఎక్కాయి. ఆరే దారినేమో సిమెంటు మూసేసింది. ఆ సంగతి ఆయనకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

గుంట అంచున కూలబడ్డాడు.

"పిల్లాడి ఊపిరి మీద నేనే గచ్చు పోశాను" అన్నాడు.

గడపలో నిలబడ్డ అనాజాన్ లోపలికి పోయి ఉయ్యాలని గోడకి దూరంగా జరిపింది.

గచ్చు తీసెయ్యాలి, పూత గీకెయ్యాలి, కుళ్లిన రెల్లు కొద్దికొద్దిగా తొలిచి కొత్తది కూరాలి. వేసవి గడిస్తేగాని గోడలు ఆరవు. అంతవరకూ పిల్లాణ్ణి తీసుకుని పుట్టింట్లో ఉండమన్నాడు మామ. హుర్లికో ఇన్నాళ్లూ ఏ మాటకి భయపడిందో ఆ మాటే చివరికి ఈయన నోట వచ్చింది. పిల్లాడు బతుకుతాడు, తాను ఊరి నోట పడుతుంది. అయినా మూట కట్టుకుంది.

పొద్దున్నే వాకిట్లోకి వచ్చేసరికి మామ ఉయ్యాల భుజానికెత్తుకుని నిలబడి ఉన్నాడు. దగ్గర దారి వదిలేసి ఊరి నడుమ నుంచి నడిచాడు. తందూరు దగ్గర రొట్టెలు కాల్చుకుంటున్న ఆడవాళ్లు మాటలాపి చూశారు. కోడలి చేతిలో మూట మీదనుంచి చూపు తిప్పకుండానే ఒకామె ఎక్కడికి ప్రయాణమని అడిగింది.

"ఇంటి గోడలు పాడుచేశానమ్మా, నేనే" అన్నాడు మత్యాకుబ్, అందరికీ వినబడేలా. "అవి ఆరేదాకా నా కోడల్నీ మనవణ్ణీ చూసుకోమని వియ్యంకుణ్ణి బతిమాలుకోవడానికి పోతున్నా."

హుర్లికో చంకలో పిల్లాడు మళ్లీ దగ్గాడు. ముసలాయన ఉయ్యాల భుజం మార్చుకుని నడక పెంచాడు.