తొమ్మిది చేతులు

ప్రార్థన ముగించి సంఘంవాళ్ళు వెళ్ళిపోతారు గానీ, వాళ్ళ చేతులు మాత్రం నా తలమీదే ఉండిపోతాయి. తడిమి లెక్కపెట్టుకుంటాను. తొమ్మిది. వచ్చింది ఐదుగురు కాబట్టి పది ఉండాలి. సంఘపెద్ద జక్కరయ్యగారు ప్రార్థన అయ్యేదాకా ఒక చేత్తో ఫోన్ పట్టుకునే ఉన్నారు, అదీ సంగతి.

చేతులు మోచేతుల దాకా ఉన్నాయి. ఖాళీ చొక్కా చేతులు ఊగుతుండగా వాళ్ళు ఆసుపత్రి మెట్లు దిగడం కిటికీలోంచి చూస్తాను. పాస్టర్ దేవవరంగారికి డ్రైవరు కారు తలుపు తీసిపెడతాడు. ఏదో పోగొట్టుకున్నట్టు ఒక్కరి మొహంలోనూ లేదు.

నా కూతురు అద్దాల తలుపు అవతల, పసిపిల్లల ఐసీయూలో, గాజుపెట్టెలో ఉంది. ఏడో నెల నిండకుండానే పుట్టింది. వయసు పదకొండు రోజులు, బరువు తొమ్మిది వందల ఇరవై గ్రాములు. ఇంకా పేరు పెట్టలేదు. పెట్టె మీద చీటీలో ‘బేబీ ఆఫ్ హెప్సిబా’ అని ఉంటుంది. హెప్సిబా అంటే నేనే. నా నెత్తిమీద ఉన్న చేతులన్నీ కలిపి తూస్తే పాపకి పదింతలకి పైనే తూగుతాయి.

నా భర్త విక్టర్ కారిడార్ చివర మోకాళ్ళ మీద ఉన్నాడు. పాప పుట్టిన రోజున జోడించిన అరచేతులు మళ్ళీ విడిపోలేదు. కొబ్బరినూనె రాసి చూశాం, సబ్బునీళ్ళు పోసి చూశాం. అందుకని ఇడ్లీ నేనే తినిపిస్తాను. డాక్టర్లు తెచ్చే కాగితాల మీద సంతకాలూ నేనే పెడతాను.

“దేవుడు వింటున్నాడు హెప్సీ,” అంటాడు నోట్లో ఇడ్లీతో.

“వినడానికి పదకొండు రోజులా?”

“మన టైము వేరు, ఆయన టైము వేరు.”

“పాప టైము పెట్టె మీద అంకెల్లో కనబడుతూనే ఉందండీ. వచ్చి చూసుకోమనండి.”

విక్టర్ నమిలి మింగి మళ్ళీ కళ్ళు మూసుకుంటాడు. ఆయన నమ్మకం నటన కాదు. నాకు మండేది అందుకే.

పాపని చూడ్డానికి వదిలేది సాయంత్రం నాలుగింటికి, పావుగంట. లోపలికి వెళ్ళేముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడగాలి, ఒక్కో చేతికి రెండు నిమిషాలు. అద్దాల తలుపు దగ్గర సిస్టర్ నాగవేణి నా తల వంక చూస్తుంది.

“అన్నీ కడగాలమ్మా.”

“ఇవి నావి కావు సిస్టర్.”

“మీ మీదే ఉన్నాయి కదా.”

కడుగుతాను. నా రెండూ, వాళ్ళ తొమ్మిదీ. ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. చివరి చెయ్యి తుడిచేసరికి తలుపు వేసేస్తారు. మర్నాడూ అంతే. రెండు రోజులుగా నా బిడ్డ మొహం నేను చూడలేదు, ఊళ్ళోవాళ్ళ చేతులు కడుగుతున్నాను. కోపంతో చెవులు గుయ్‌మంటున్నాయి.

చేతులు ఊరికే కూడా ఉండవు. కారిడార్లో ఎవరైనా స్తోత్రం అంటే తొమ్మిదీ ఒక్కసారిగా పైకి లేచి, మళ్ళీ ధబ్బున నా నెత్తిన పడతాయి. పాస్టర్‌గారివి మెత్తగా, ప్రార్థన నూనె వాసన కొడుతుంటాయి. స్త్రీల సమాజం రూతమ్మగారి గాజులు కణతకి గుచ్చుకుంటాయి. మెడ వంచుకునే నడుస్తాను. చూసినవాళ్ళు ఎంత భక్తి అనుకుంటారు.

జక్కరయ్యగారి చెయ్యి అన్నిటికంటే బరువు. వెళ్ళేముందు ఆయన, “దాచుకున్న పాపం ఏదన్నా ఉంటే ఒప్పేసుకో అమ్మాయ్, బిడ్డ సంగతి కదా,” అన్నారు. అన్న నోరు వెళ్ళిపోయింది. చెయ్యి మాత్రం ఇక్కడే ఉండి, పేలు చూసినట్టు నా జుట్టు పాయలు తీసి పాపం వెతుకుతోంది.

దొరికినవి దొరికినట్టు తీసి పక్క కుర్చీలో పెడుతుంది. నాలుగో నెలలో తిన్న బొప్పాయి ముక్క, ఇంకా తడి ఆరలేదు. వాంతులవుతూ చర్చికి వెళ్ళని ఒక ఆదివారం, మడత పెట్టి ఉంది. అత్తగారిని మనసులో తిట్టుకున్న ఒక తిట్టు, చింతగింజంత.

“ఇంతేనా?” అని చేతిని అడుగుతాను. “ఈ గింజ కోసం దేవుడు పసిపిల్ల ఊపిరి పట్టుకుంటాడా? నేను నమ్ముకున్న ఆయన అంత చిల్లరవాడు కాదు.”

చెయ్యి ఇంకో పాయ తీస్తుంది.

మూడోరోజు నాలుగింటికి నాగవేణి తనే బయటికి వస్తుంది.

“పాప ఊపిరి మర్చిపోతోందమ్మా.”

“మర్చిపోవడం ఏంటి?”

“నెలలు తక్కువ పిల్లలు అంతే. తీసుకుంటూ తీసుకుంటూ మధ్యలో మర్చిపోతారు. అరికాలి మీద వేలితో ఇలా కొడితే గుర్తొస్తుంది.” వేలు మడిచి నా అరచేతి మీద టక్కున కొట్టి చూపిస్తుంది. “గంటకి నాలుగైదుసార్లు కొట్టాలి. పెట్టెలు పన్నెండు, నేనొక్కదాన్ని. చేతులు చాలట్లేదు.”

ఆ మాటకి నా ఒళ్ళు భగ్గుమంటుంది. నెత్తిమీద ఉన్నవాటిని ఒక్కొక్కటే పట్టుకుని పీకేస్తాను. తీగ నుంచి సొరకాయలు తుంపినట్టు టప్పు టప్పున ఊడి వస్తాయి.

“వచ్చారుగా,” అంటాను వాటితో. “పదండి, పని చెయ్యండి.”

గాజులు తీసి, గోళ్ళు కత్తిరించి, కుళాయి కింద అన్నిటినీ రుద్దుతాను. ఇవాళ నాగవేణి గడియారం చూడదు. పెట్టె పక్కనున్న గుండ్రటి కన్నంలోంచి లోపలికి పంపడానికి గంటకొకటి చొప్పున డ్యూటీలు రాస్తుంది.

పాస్టర్‌గారి కుడిచెయ్యి లోపలికి వెళ్ళగానే పాప నుదుటి మీద వాలబోతుంది.

“ఆశీర్వాదం తర్వాత,” అంటుంది నాగవేణి. “ముందు అరికాలు.”

చెయ్యి సిగ్గుపడి కిందికి జరుగుతుంది. వేలు మడిచి కొడుతుంది. పాప ఛాతీ లేస్తుంది. నాకు ఏడుపొస్తుంది, కోపం పోకుండానే.

జక్కరయ్యగారి చెయ్యి కూడా బాగానే పనిచేస్తుంది. అది చెప్పకపోతే అన్యాయం.

మర్నాడు పాస్టర్‌గారు ఫోన్ చేస్తారు. ఫోన్ వాళ్ళావిడ పట్టుకున్నట్టుంది, గొంతు దగ్గరగా ఒకసారీ దూరంగా ఒకసారీ వినబడుతోంది.

“వందనాలమ్మా హెప్సిబా. ఆదివారం ప్రభు బల్ల ఉంది, రొట్టె విరవాలి. చేతులు పంపిస్తావా?”

“పంపనండి. డ్యూటీలో ఉన్నాయి.”

“సంఘమంతా ఎదురుచూస్తుందమ్మా.”

“నేనూ చూస్తున్నానండి, పద్నాలుగు రోజులుగా.”

“పోనీ ఎడమదన్నా?” అంటారు చివరికి. ఫోన్ పెట్టేస్తాను.

ఆదివారం సాయంత్రం అరికాలి మీద కొట్టినా పాప ఛాతీ లేవదు. ఇంకోసారి కొడుతుంది చెయ్యి. ఇంకోసారి. మిగతావన్నీ తోసుకుంటూ కన్నంలోంచి లోపలికి దూరతాయి. తొమ్మిది చేతులూ కొడుతుంటే పాప కాళ్ళు ఎర్రగా, పెదాలు నీలంగా మారతాయి. పెట్టె మీద ఆక్సిజన్ అంకె ఎనభై అవుతుంది, అరవై అవుతుంది. అటువైపు నుంచి డాక్టరు పరిగెత్తుకొస్తున్నాడు కానీ వార్డు ఆయన ముందు పొడుగవుతోంది, ఎంత పరిగెత్తినా అక్కడే ఉన్నాడు.

నెత్తిమీద బరువు లేదు కాబట్టి నా తల పైకి లేస్తుంది. పైన సీలింగ్ లేదు. వార్డు పొడవునా ఒక అరికాలు ఉంది. మడమ పగిలిన, చాలా దూరం నడిచిన కాలు. మధ్యలో మానిన మేకు గాయం.

“అది మొదట్నుంచీ ఉందమ్మా,” అంటుంది నాగవేణి, పాప ముక్కులో గొట్టం సరిచేస్తూ. “అందరూ తల వంచుకునే వస్తారు, ఎవరూ చూడరు.”

“ముట్టుకోవచ్చా?”

“చేతులు కడుక్కున్నారుగా.”

విక్టర్‌ని కాలరు పట్టుకుని లోపలికి లాక్కొస్తాను. మోకాళ్ళ మీదే వస్తాడు.

“లేవండి. మీరిలా ఉంటే నాకు అందదు.”

“ఏం చేస్తున్నావ్ హెప్సీ?”

“ప్రార్థన.”

పైకీ, పెట్టె వైపూ చూసి, ఇంకేమీ అడక్కుండా లేస్తాడు. భుజాల మీదికి ఎక్కుతాను. నా కాలు జారబోతుంటే ఆయన అరచేతులు చర్మం చీలిన చప్పుడుతో విడిపోయి నా చీలమండల్ని పట్టుకుంటాయి. రక్తం వెచ్చగా తగులుతుంది.

మచ్చ నాకు అందుతుంది. నాగవేణి చూపించినట్టే వేలు మడిచి సరిగ్గా దాని మీదే కొడతాను. నొప్పి పుట్టాలనే కొడతాను.

“కింద నా కూతురు ఊపిరి మర్చిపోయింది,” అంటాను. “పైన నువ్వూ మర్చిపోయావు. మర్చిపోయినవాళ్ళని ఇక్కడ ఇలాగే లేపుతారు.”

ఐదో దెబ్బకి ఆ కాలి వేళ్ళు ముడుచుకుంటాయి. పైన ఎక్కడో ఒక ఊపిరి లోపలికి వెళ్ళడం మొదలవుతుంది. కర్టెన్లు పైకి లేస్తాయి. కేస్‌షీట్లు, నా జడ, పన్నెండు పెట్టెల మీది గుడ్డలు లేస్తాయి. వార్డులో గాలంతా పైకే పోతోంది. పాప పెట్టె చక్రాలు నేలని వదిలేస్తాయి. వైర్లు వేలాడుతుండగా పెట్టె తిన్నగా నా మొహం ఎత్తుకి వచ్చి ఆగుతుంది. లోపల తొమ్మిది చేతులూ కొట్టడం మానేసి పాప చుట్టూ కదలకుండా ఉన్నాయి. పాప నోరు తెరుచుకుని ఉంది.

పైనున్న ఆయన ఇప్పుడు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. అది బయటికి వస్తే తప్ప పాపకి పీల్చడానికి గాలి లేదు. వేలు మడవడం మానేసి పిడికిలి బిగిస్తాను.

“వదులు,” అంటూ మచ్చ మీద గుద్దుతాను. “ఊపిరి వదులు.”