దొరకని క్లాసులు

యూనివర్సిటీలో క్లాసులు జరగక నెల దాటింది. అడిక్‌మెట్ రూము నుంచి నడిచొచ్చి ల్యాబులో కూర్చున్న పద్మశ్రీకి కంప్యూటరూ అదే పాట అందుకుంది: క్లాసులు దొరకడం లేదట!

ప్రోగ్రాం శుభ్రంగా కంపైల్ అవుతోంది, అంటే యంత్రభాషలోకి మారుతోంది. దాన్ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్ మాత్రం, ప్రోగ్రాం వాడుకునే లైబ్రరీ క్లాసులు, అంటే ముందే రాసిపెట్టి ఉన్న కోడు ముక్కలు, కనబడటం లేదని మొండికేసింది. మధ్యాహ్నం ఎగ్జామినర్ ముందు పెట్టాల్సింది ఆ టూల్ ఇచ్చే రిపోర్టే.

"ఇంకెవరు? ఆత్రేయ గాడే తీసేసిండు," అన్నాడు కుమార్. ముగ్గురిదీ ఒకటే ప్రాజెక్టు. ఆత్రేయ వాళ్లది కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక అతను క్యాంపస్‌కు రావడం తగ్గించాడు. "ఆంధ్రోడు గదా, మన పని ఖరాబ్ చేసిండు. సార్‌కు చెప్పి వాని పేరు కొట్టేపిస్తా."

పద్మశ్రీకి ఒళ్లు మండింది. పేరు కొట్టేస్తే ఆత్రేయ డిగ్రీ గంగలో కలిసినట్టే.

"ఆగు! లైబ్రరీలు లేకుంటే కంపైల్ ఎట్లయితది? ఉన్నయి. ఏడున్నయో టూల్‌కు తెలుస్తలేదు, గంతే. నేను పట్టుకుంటా," అంది. ఇలాంటి తిప్పలు ఆమెకు కొత్తేం కాదు.

ఏది ఎక్కడ వెతకాలో రాసి ఉండే బిల్డ్ ఫైల్ తెరిచింది. లైబ్రరీలున్న ఫోల్డరు పేరు కంపైల్ దగ్గర 'టీజీ' అని ఉంది. టూల్ దగ్గర 'ఏపీ' అని ఉంది. చూస్తే ఏపీ అనే ఫోల్డరే లేదు.

"కుమార్, ఈ పేరు ఎవరు మార్చిన్రు?"

బండ్ల నెంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాస్తున్న రోజులవి.

"నేనే. మన ప్రాజెక్టుల ఆ పేరెందుకని... రెండో జాగ చూడలే."

"ఓరి నీ తెలివి సల్లగుండ! ఏపీ అంటే ఆత్రేయ, పద్మశ్రీ. నువ్వు మాతోని కలవకముందు పెట్టుకున్న పేరది."

టూల్ దగ్గర కూడా పేరు సరిచేసి మళ్లీ నడిపింది. క్లాసులన్నీ దొరికాయి. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది. కుమార్ మాత్రం తలెత్తలేదు.

అంతలో ఆత్రేయ ఫోన్. "పద్మశ్రీ, గేటు దగ్గర ఆపేశారు. మీది ఏ ఊరని అడుగుతున్నారు. ఇంటికెళ్లిపోమంటావా?"

స్పీకర్‌లో ఆ మాట వినపడగానే కుమార్ లేచి పరుగందుకున్నాడు. పద్మశ్రీ వెనకే ఉరికింది.

గేటు దగ్గర గులాబీ కండువా వేసుకున్న కుర్రాడొకడు ఆత్రేయ బ్యాగు పట్టుకుని నిలదీస్తున్నాడు.

"అన్నా, ఎవడు వీడు?" అన్నాడు కుమార్‌ను చూసి.

కుమార్ ఆత్రేయ భుజం మీద చెయ్యేసి దగ్గరకు లాక్కున్నాడు.

"మావోడే," అన్నాడు.