సెర్వా రోకలి, దుఫీ చెయ్యి

ఫుఫు దంచడానికి ఇద్దరు కావాలి. ఒకరు నిలబడి నిలువెత్తు రోకలితో ఉడికిన కర్రపెండలం, అరటికాయ దంచుతారు. ఇంకొకరు పీట మీద కూర్చుని, రోకలి లేచినప్పుడల్లా రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిరగేస్తారు. కాస్త తేడా వస్తే వేళ్లే ఫుఫు. మా ఊరు కుమాసీలో ముప్ఫై ఏళ్లుగా తిరగేస్తున్నాను, పది వేళ్లూ ఉన్నాయి. లేనిది బుద్ధేనంటుంది మా అక్క అబ్రఫీ. నేను పనిచేసే ఫుఫు హోటల్ ఆవిడదే.

అక్క కూతురు సెర్వాకి ఇరవై రెండేళ్లు. చిన్నప్పుడే డాక్టరు ఆటిజం అన్నాడు. మనుషుల మొహం చూడదు. దంచడమంటే మాత్రం ప్రాణం. పోయినేడాది మొదటిసారి రోకలి పట్టిన రోజున నా పాడుబుద్ధి ఊరుకుందా? పదో దెబ్బకి "అబ్బా, నా వేలు" అని అరిచాను. కొత్తగా దంచేవాళ్లెవరికీ ఇక్కడ ఈ అరుపు తప్పదు. ఉలిక్కిపడతారు, తర్వాత నవ్వుతారు. సెర్వా నవ్వలేదు. రోకలి గోడకి ఆనించి, నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసి, వెళ్లి కర్రపెండలం తొక్క తీయడానికి కూర్చుంది. ఆ తర్వాత అడపాదడపా రోకలి పట్టినా, ఎవరితోనూ దాని దెబ్బ కలవలేదు. మేం దంచేవాళ్ల కళ్లు చూసి చెయ్యి పెడతాం. అది కళ్లెత్తితే కదా.

మొన్న శుక్రవారం పొద్దున్నే మా దంచేవాడు పని మానేశాడు. అక్క ఫోన్ తీసింది. "దంచే మిషన్ తెప్పిస్తా. ఇక ఈ రోలు అమ్మేస్తా."

"నేను దంచుతా," అంది సెర్వా.

"ఎవరితోనే? ఈ కోతి మామయ్యతోనా?"

అప్పుడే, మాకు ఉల్లిపాయలు తెచ్చే దుఫీ గంప దించింది. నలభై దాటిన మనిషి. ఎవరితోనూ మాట కలపదు, రేకుల కప్పు చూస్తూ ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. "నేను తిరగేస్తా," అంది.

"కప్పు చూస్తూనా? వేళ్లు ఇంట్లో దాచిపెట్టొచ్చావా దుఫీ?" అన్నాను నేను.

"మాట్లాడకు. దెబ్బ వినపడదు."

అక్క ఫోన్ పట్టుకునే నిలబడింది. సెర్వా మొదలుపెట్టింది: రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్దది. దుఫీ చెయ్యి పెట్టలేదు, ఊరికే వింది. రోకలి లేచేముందు సెర్వా నడుము కాస్త పక్కకి వాలుతుంది. ఇన్నాళ్లూ మొహం వెతికానే గానీ అది చూడలేదు నేను. దుఫీ కూడా అటే వాలింది. చెయ్యి లోపలికి వెళ్లింది, వచ్చింది. మళ్లీ. ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పమంటే నా వల్ల కాదు.

నా గొంతులో ఆ పాత అరుపు దురదపెట్టింది. గుటకేసి మింగేశాను.

"ఏం మావా, మాట పడిపోయిందా?" అన్నాడు బెంచీ మీది లారీ డ్రైవరు.

"నోరుమూసుకుని చూడరా, నేనే మూసుకున్నాను."

అక్క ముద్ద నొక్కి చూసింది. ఒక్క ఉండ లేదు. ఫోన్ చెవికి పెట్టి, "మిషనొద్దులేవయ్యా," అంది. అనేసి కళ్లు తుడుచుకుని, నెపం పొగ మీదికి నెట్టింది.

సెర్వా రోలుతో అన్నట్టు అంది: "రేపు?"

దుఫీ కప్పుతో అన్నట్టు అంది: "ఎనిమిదికి."

రెండో వాయి పడింది. బెంచీ మీదవాళ్లు కూడా తెలీకుండానే అటూ ఇటూ వాలుతున్నారు.

"మామయ్యా, నీళ్లు చల్లు," అంది సెర్వా. "పెద్ద దెబ్బ తర్వాత."

చల్లాను. చిన్న దెబ్బకే చల్లి దుఫీ మొహం తడిపాను.

"మళ్లీ నేర్చుకో," అంది నా మేనకోడలు, రోకలి ఆపకుండా.