దిద్దని ట్రాక్

అక్కకి కోపం ముక్కు మీద ఉంటుంది, తాళం వేలి చివర ఉంటుంది. ఆ రెండూ ఎవరి కోసమూ ఆగవు. చెల్లెలు అలా కాదు. ఏ స్వరాన్నయినా తాళానికి పిసరంత వెనకగా అందుకునేది. అక్క దానికి ‘నత్త’ అని పేరు పెట్టి, పదేళ్ళు ఆ పేరుతోనే పిలిచింది.

ఇద్దరూ ఇంటి వెనక గదిలో డాన్సు క్లాసులకి సంగీతం చేసేవారు. కీబోర్డు సీక్వెన్సర్‌లో ఎనిమిది ట్రాకులు, ఒక్కో ట్రాక్‌కి ఒక్కో వాద్యం. ఆ యంత్రం దాచుకునేది శబ్దాన్ని కాదు. ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో అదే గుర్తుపెట్టుకుంటుంది. అందుకే తర్వాత దిద్దుకోవచ్చు. ఒక్క బటన్ నొక్కితే వెనకబడ్డ స్వరాలన్నీ బెల్లు విన్న బడిపిల్లల్లా వచ్చి వరసలో నిలబడతాయి. నత్త వాయించినవన్నీ అక్క అలాగే దిద్దేసేది, ఒక్క మాట అడగకుండా.

ఒకరోజు డాన్సు టీచర్ ఎదుటే అక్క అనేసింది: “దీని చెయ్యి ఎప్పుడు పడుతుందో దీనికే తెలీదు. నేను సరిచేసి ఇస్తాలెండి.”

ఆ సాయంత్రమే చెల్లెలు బట్టలు సర్దుకుని వేరే ఊళ్ళో ఏదో బ్యాండులో చేరిపోయింది. అప్పుడు టీచర్ కోసం చేస్తున్న పాటలో నాలుగో ట్రాక్, అంటే చెల్లెలు కీబోర్డు మీద వాయించిన వేణువు, ఇంకా దిద్దలేదు. అక్క ఆ కోపంలో దాన్ని వినపడకుండా మ్యూట్ చేసి పడేసింది.

మూడేళ్ళయింది. మ్యూట్ తియ్యలేదు, చెరపనూ లేదు. పని లేని మధ్యాహ్నాల్లో ఆ నాలుగో బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునేది. మిగతా పాటలన్నీ తను దిద్దినవే, వాటిలో చెల్లెలు ఎక్కడుంది? ఈ ఒక్కదాంట్లోనే అది అచ్చంగా ఉంది. వినాలని ప్రాణం కొట్టుకునేది. వింటే తనే ముందు ఫోన్ చేస్తుందని తనకి తెలుసు. పంతం అంటే అదే మరి, ఆకలేస్తున్నా కంచం వైపు చూడకపోవడం.

ఈరోజు పొద్దున్నే టీచర్ మళ్ళీ వచ్చింది. పిల్లల కార్యక్రమానికి ఆ పాత పాటే కావాలట. అక్క వినిపించింది.

“ఇదేంటమ్మా, బోసిగా ఉంది! ఇందులో వేణువు ఉండాలి కదా?”

“ఉంటుంది. సాయంత్రానికి వాయించి పెడతా.”

టీచర్ వెళ్ళింది. అక్క నాలుగో ట్రాక్‌ని ఎంచుకుంది. మ్యూట్ మీదికి వెళ్ళిన వేలిని మళ్ళీ వెనక్కి లాక్కుంది. దాని అవసరం నాకేంటి, ఎనిమిదో ట్రాక్ ఖాళీగా ఉంది, నేనే వాయిస్తా అనుకుంది. రికార్డు నొక్కి, కళ్ళు మూసుకుని చివరిదాకా వాయించింది. ఆపగానే సేవ్ నొక్కింది. అది ఆ గదిలో చట్టం. ‘ముందు సేవ్, తర్వాతే మంచినీళ్ళు’ అని చెల్లెలి చేత పదేళ్ళు వల్లె వేయించింది తనే.

కళ్ళు తెరిస్తే ఎర్రదీపం నాలుగు మీద వెలుగుతోంది. ఎనిమిదికి మారడం మర్చిపోయింది.

మ్యూట్‌లో ఉన్న ట్రాక్ వినపడదు గానీ, దాని మీద రికార్డు చేస్తే కాదనదు. పాతది పోతున్నా చప్పుడు చెయ్యదు. సేవ్ కూడా అయిపోయింది, ఇక పాతది తిరిగి రాదు. అక్క మ్యూట్ తీసి వింది. తన వేణువే. తాళానికి వెంట్రుక వాసి కూడా తేడా లేదు. తన వాయింపు మీద తనకి అసహ్యం వేయడం అదే మొదలు. అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇక పంతం దేనికి? ఫోన్ చేసింది.

“అక్కా? ఏమైంది? అంతా బాగానే ఉన్నారా?”

“అంతా అంటే ఎవరే, ఉన్నది నేనొక్కదాన్నేగా! ఆ డాన్సు పాట… నీ వేణువు చెరిపేశానే. పొరపాటున.”

“దిద్దేశావేమో అనుకున్నా ఇన్నాళ్ళూ,” అంది చెల్లెలు.

“లేదు. అదొక్కటీ దిద్దలేదు. ఒక్కసారి వాయించవూ? ఫోన్లోనే. వింటా.”

కుర్చీ జరిపిన చప్పుడు. కీబోర్డు ఆన్ చేసిన టిక్కు. తర్వాత వేణువు మొదలైంది. అక్క కళ్ళు మూసుకుని, ప్రతి స్వరం దగ్గరా ఆ పిసరంత జాగా కోసం ఎదురుచూసింది. ఎక్కడా దొరకలేదు. ప్రతి స్వరమూ తాళం మీదే పడింది.

“ఎలా ఉంది?” చెల్లెలి గొంతులో చిన్న గర్వం. “ఇప్పుడెవరూ దిద్దక్కర్లేదు. రోజూ మూడు గంటలు సాధన చేశా.”

“బాగుంది,” అంది అక్క. “ఇంకోసారి వాయించు. ఇదివరకట్లా, కొంచెం వెనకగా.”

చెల్లెలు ప్రయత్నించింది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది.

“రావట్లేదక్కా. కావాలని చేస్తే అది వేరేలా ఉంటోంది. మర్చిపోయా.”

అక్క ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“పోనీలే. దాన్ని పోగొట్టింది నువ్వు కాదే, నేను. ఈ పొరపాటుతో కాదు, ఎప్పుడో పోగొట్టా. వేణువు లేకపోతే పీడా పాయె, నువ్వు రా.”

అవతల కీబోర్డు ఆపేసిన టిక్కు వినపడింది. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు, చెల్లెలూ పెట్టెయ్యలేదు.