మధ్యమం దగ్గర

సుభాషిణి పులివెందులలో, పుట్టింట్లో పోయింది. జ్వరమని కబురొచ్చి భర్త గంగాధరం జమ్మలమడుగులో బస్సెక్కి, ముద్దనూరులో మరో బస్సు మారి చేరేసరికి పొద్దు వాలింది. ఆమెను అప్పటికే వసారాలో పడుకోబెట్టారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు అది.

కర్మకాండలు ముగించుకుని ఇంటికి వచ్చాక అతను మొదట చూసింది హార్మోనియం పెట్టెను. దాని మీద పూల గుడ్డ గలీబు తొడిగి వెళ్లింది ఆమె. పిల్లలు లేని ఇంట్లో నాలుగేళ్లుగా పొద్దున పూట వినిపించిన చప్పుడు అదొక్కటే. ఊరికి పోతూ బస్సు దగ్గర, "వచ్చినాక గీతం మొదలుపెడతామన్నారు ఫకీర్ సాహెబ్‌గారు" అని చెప్పింది. అతను సరేనన్నాడు.

వరుసలన్నీ అయ్యాక నేర్పే మొదటి పాట, ఆ గీతం దాకా తనైనా నేర్చుకోవాలని గంగాధరానికి తోచింది. ఎందుకని ఎవరూ అడగలేదు. బళ్లో ఎక్కాలు చెప్పే మనిషికి ఇదేం పోయేకాలమని ఎవరైనా అనుకున్నా, అతని ముందు అనలేదు.

ఫకీర్ సాహెబ్ ప్రొద్దుటూరులో నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. సుభాషిణికి ఇంటికొచ్చి పాఠం చెప్పింది ఆయనే. చూపు మందగించి ఇప్పుడు ఎక్కడికీ కదలడం లేదు. అందుకని ఆదివారాలు గంగాధరమే పోయేవాడు. మొదటి నెలలోనే ముసలాయనకు విషయం తెలిసిపోయింది.

"వారంలో ఎన్నాళ్లు కూచున్యావు అయ్యవారూ?"

"ఆదివారం పొద్దంతా కూర్చున్నానండి."

"ఆదివారం గంపెడు తిని మళ్లా శనివారం దాకా పస్తుంటావా? నీ పిల్లోళ్లు ఎక్కాలు అట్ల నేరిస్తే బెత్తం తీస్తావు గదా!"

సాహెబ్ మళ్లీ అందుకున్నాడు.

"సాయంత్రాలు పెట్టుకోవాకు. ఎవురో ఒకరు వచ్చాంటారు. పొద్దున్నే, రోజూ ఒకే యాళకు కూచో. రవంత వాయించు సాలు. ఇంగా వాయించాలనిపించేటప్పుడే లేయి. మర్నాడు ఆ ఆశే నిన్ను కూచోబెడ్తాది. ఇంగోటి, ఆ గలీబు తీసిపారెయ్. మూసిపెట్టిన పెట్టె దగ్గరికి మనసు పోదు."

గంగాధరం గలీబు తీసి మడిచి ఆమె చీరల మీద పెట్టాడు. పెట్టెను పెరటి తలుపుకు అడ్డంగా జరిపాడు. బావి దగ్గరికి పోవాలంటే దాన్ని తప్పుకుని పోవాలి. ప్రొద్దుటూరు మొదటి బస్సు హారన్ మోగగానే కూర్చునేవాడు. ఆమె కూడా ఆ వేళకే కూర్చునేది. మొదట్లో హారన్ విని విసుక్కున్నాడు. తర్వాత హారన్ కంటే ముందే చేయి తిత్తి మీదికి పోవడం మొదలైంది. సరళి వరుసలు వచ్చాయి. జంట వరుసల్లోకి వచ్చాడు.

ఒక ఆదివారం సాహెబ్ చేయెత్తి ఆపాడు.

"ఆడేంది, మధ్యమం కాడ నిలబడిపోయినావు?"

"పాఠం అంతే కదండీ."

"ఎవురు జెప్పినారు?"

"ఆమె అలాగే వాయించేది. రోజూ అక్కడ ఆగి, కాసేపటికి మిగిలింది ఎత్తుకునేది."

"నేను జెప్పలా. స-రి-గ-మ అని దిగబడి, ప-ద-ని-స కు రేపు వచ్చానంటే ఎట్ల? నడిమిట్ల గుంత పెట్టినావు. ముందు ఆ గుంత పూడ్చు, గీతం మాట తర్వాత."

గంగాధరానికి మనసు కష్టమైంది. అతను విన్నది రోజూ పెరట్లో బావి దగ్గర నీళ్లు పోసుకుంటూ. గోడ ఇవతలి నుంచి విన్నాడే కానీ ఆమె వాయిస్తుండగా ఎన్నడూ చూడలేదు.

కూతురి కాన్పుకని దువ్వూరు పోయిన పాల షాహీదాబీ ఆ వారమే తిరిగొచ్చింది. అన్నాళ్లూ ఆమె కొడుకు వాకిట్లో గిన్నెలో పాలు పోసి చప్పుడు చేయకుండా పోయేవాడు. సోమవారం పొద్దున గంగాధరం మధ్యమం దగ్గర ఆగగానే బయటి నుంచి గొంతు వినిపించింది.

"లేయొద్దులే అయ్యవారూ! గిన్నె ఈడనే ఉండాది, పోసి పోతా. నువ్వు వాయించుకో."

"నేను లేవలేదే."

"మరి నిలిపితివే? అమ్మ గూడా ఇట్లనే గదా. బస్సు పోయినంక నేనొచ్చి పాలూ అంటే, ఉండు షాహీదా అని ఆ సగం ముక్క అయిపోగొట్టి వచ్చాండె. నీ పాట అయ్యేలోపల నా పాలు పెరుగైతాయి, రామ్మా అని నేను ఎగతాళి పడతాంటి. శానా నవ్వుతాండె. గిన్నె లోపల పెట్టి మళ్లా కూచుంటాండె."

ఆమె పాలు పోసి వెళ్లిపోయింది. గంగాధరం వరుసను మొదటి నుంచి ఎత్తుకుని ఆపకుండా వాయించాడు. ఎక్కడా వేలు తడబడలేదు. షాహీదాబీ పక్కింటి మెట్టు ఎక్కేలోపే అది అయిపోయింది. ఇల్లు ఎవరిదో అన్నట్టుగా ఉంది.

రెండోసారి మధ్యమం దాకా వాయించి లేచాడు. గిన్నె తెచ్చి లోపల పెట్టి మూత వేశాడు. మళ్లీ కూర్చుని మిగిలిన సగం వాయించాడు.

ఆదివారం ఫకీర్ సాహెబ్ అడిగాడు. "గుంత పూడిందా అయ్యవారూ?"

"ఇంకా లేదండి."

ముసలాయన అతని చేతిని పట్టుకుని వేళ్ల కొసలు తడిమి చూశాడు. గట్టిపడి ఉన్నాయి.

"రోజూ కూచుంటానే ఉండావు," అన్నాడు. తర్వాతి వరుస చెప్పాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. షాహీదాబీ మనవరాలు నడుస్తోంది. గంగాధరం ఒక్క పొద్దూ తప్పకుండా బస్సు హారన్‌కు పెట్టె ముందు కూర్చుంటున్నాడు, మధ్యమం దగ్గర లేచి పాలగిన్నె లోపల పెట్టి వస్తున్నాడు. జంట వరుసలన్నీ వచ్చాయి. గీతం ఇంకా మొదలుపెట్టలేదు.